వాన చూడటానికి నిరభ్యంతర పత్రం

పెన్నోబులేసు ముప్పై ఒక్క ఏళ్లుగా సున్నాలు రాస్తున్నాడు. లెక్కలు రాక కాదు, ఉద్యోగమే అలాంటిది. రాయలసీమలో ఒక జిల్లా కేంద్రంలో, జిల్లేడు కూడా ఆలోచించి మొలిచే చోట, ప్రభుత్వం వారు వర్షమాపన కార్యాలయం అని ఒకటి పెట్టారు. దానికొక ఉప సంచాలకుడు, ఒక సూపరింటెండెంటు, నలుగురు గుమాస్తాలు, ఒక జీపు. ఇంతమందిలో నిజంగా వాన కొలిచేవాడు ఓబులేసు ఒక్కడే.

పొద్దున సరిగ్గా ఎనిమిదిన్నరకు అతను కార్యాలయం పెరట్లోకి వెళ్తాడు. సిమెంటు దిమ్మె మీద వర్షమాపకం ఉంటుంది. దాని గరాటా తీసి లోపలికి చూస్తాడు. లోపల వేపాకులుంటాయి, ఒక్కోసారి ఎండిపోయిన బల్లి ఉంటుంది. వాటిని దులిపేసి, గాజు గొట్టాన్ని కంటికి సమానంగా పట్టుకుని చూసి, రిజిస్టరులో సున్నా వేసి సంతకం పెడతాడు. ఏడాదిలో ఏ ఇరవై రోజులో అంకె పడుతుంది. ఆ రోజుల్లో గొట్టాన్ని రెండు మూడుసార్లు చూస్తాడు, కళ్లు మోసం చేస్తున్నాయేమోనని. జ్వరం వచ్చినా, ఇంట్లో పెళ్లయినా, చూడకుండా ఒక్క సున్నా వేసి ఎరగడు. ఈ పట్టింపును కార్యాలయంలో మిగతావాళ్లు పిచ్చి కింద జమకట్టి వదిలేశారు.

అలాంటి మనిషికి, యాభై తొమ్మిదో ఏట, ఒక ఆదివారం పేపరుతో పాటు ఒక కరపత్రం వచ్చింది. ఒక యాత్రల కంపెనీ వారు కెల్టిక్ దేశాలకు పదకొండు రోజుల యాత్ర వేస్తున్నారట. ఐర్లాండ్, స్కాట్లాండ్, వేల్స్. ఆకుపచ్చ కొండలు, కూలిన కోటలు, గొర్రెలు, సముద్రం పక్కన నిలువుగా తెగిన బండలు, అన్నీ రంగుల్లో వేశారు. ఓబులేసు వాటిని దాటేసి చిట్టచివర చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న గమనిక చదివాడు. "ఈ దేశాలలో ఏ రోజైనా, ఏ వేళనైనా వాన పడవచ్చును. దానికి కంపెనీ బాధ్యత వహించదు."

ఆ వాక్యాన్ని అతను ఏడుసార్లు చదివాడు. పడి ఆగిపోయే వాన కాదు, పొద్దున మొదలై సాయంత్రం దాకా కురిసే వాన. దానికి బాధ్యత వహించాల్సి వస్తుందేమోనని కంపెనీలు భయపడేంత వాన. జీవితమంతా వాన పేరు మీద జీతం తీసుకున్నవాడికి అలాంటిది ఒక్కసారైనా చూడాలనిపించడంలో తప్పేముంది?

భార్య సుంకులమ్మకు చెప్పాడు. ఆమె చాటలో కందిపప్పు ఏరుతూ విన్నది. వాన కోసం విమానం ఎక్కిపోవాలా, తిరుపతిలోనూ పడుతుందిగా అన్నది. అక్కడ పడి ఆగుతుంది, వీళ్ల దగ్గర ఆగదంట అన్నాడు ఓబులేసు.

సుంకులమ్మ చాటను ఒకసారి చెరిగింది.

"ఆగకుంటే మరి ఉతికిన బట్టలు యాడ ఆరేసుకుంటారో" అన్నది.

ఆమె ఒప్పుకున్నట్టు అతనికి ఆ మాటతోనే తెలిసిపోయింది. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆమె సరేనని ఎప్పుడూ అనలేదు. బట్టల గురించో పచ్చళ్ల గురించో అడిగితే సరేనన్నట్టే.

అప్పట్నుంచి ఇంట్లో పెళ్లిపనుల హడావుడి మొదలైంది. తడవడానికి మూడు జతలు, పొడిగా ఉండడానికి మూడు జతలు. చింతకాయ తొక్కు, వేరుశెనగ పొడి, నిప్పట్లు. అక్కడి జనం ఇంగ్లీషువాళ్లేనా అని సుంకులమ్మ అడిగితే, ఇంగ్లీషువాళ్లని తెలిసీ తెలియక పిలిస్తే కోప్పడతారట, వాళ్ల భాషలు వేరు, పాటలు వేరు, పోట్లాటలు వేరు అని ఓబులేసు లైబ్రరీలో చదివొచ్చి చెప్పాడు. మనమాదిరే అన్నమాట అని ఆమె తృప్తి పడింది. వానకోట్ల కోసం ఊరంతా తిరిగితే ఏ దుకాణంలోనూ దొరకలేదు. ఒక షావుకారు అదేం వస్తువని ఎదురడిగాడు. చివరికి బెంగళూరు నుంచి రెండు తెప్పించారు. సుంకులమ్మ తన కోటు తొడుక్కుని స్నానాల గదిలో నిలబడితే, ఓబులేసు చెంబుతో నెత్తిన నీళ్లు పోశాడు. నాలుగు చెంబులయ్యాక, లోపలికి రాలేదని ఆమె లోపలినుంచి ప్రకటించింది. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. ఆ ఇంట్లో అంత నవ్వు విని ఏళ్లయింది.

ఉద్యోగం అయిపోయాక పోవచ్చు గదా అని ఎవరికైనా అనిపించవచ్చు. ఓబులేసు పదవీ విరమణకు దగ్గర పడినప్పుడల్లా ప్రభుత్వం వారు ఆ వయసును రెండేళ్లు ముందుకు జరుపుతున్నారు. ఈలోగా సుంకులమ్మ మోకాళ్లను చూసి డాక్టరు, ఎక్కడికైనా నడవాలనుకుంటే ఈ ఏడాదే నడవమ్మా అన్నాడు. మోకాళ్ల గడువును ప్రభుత్వం పొడిగించలేదు గదా.

ప్రభుత్వోద్యోగి దేశం దాటాలంటే నిరభ్యంతర పత్రం కావాలి. ఓబులేసు దరఖాస్తు నింపి సూపరింటెండెంటు కోదండపాణికి ఇచ్చాడు. తొమ్మిదో గడిలో ప్రయాణ కారణం రాయాలి. చుట్టాలను చూడ్డానికి అని రాసి ఉంటే సాయంత్రానికి సంతకాలు అయిపోయేవి. కానీ ఓబులేసు నిజం రాశాడు. "చూడటానికి" అని.

కోదండపాణి కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. ఏ కాగితంలోనైనా అభ్యంతరం కనిపెట్టకపోతే ఆయనకు మధ్యాహ్నం అన్నం సయించదు. సరిగ్గా అప్పుడే పైనుంచి ఒక సర్క్యులర్ దిగి ఉంది. స్థానికంగా దొరికే దేన్నీ బయటినుంచి తెచ్చుకోరాదు, తప్పనిసరైతే అది స్థానికంగా దొరకదని ధ్రువపత్రం జతచేయాలి. ఎక్కడో ఎవరో పక్క రాష్ట్రంలో కుర్చీలు కొన్నందుకు పుట్టిన సర్క్యులర్ అది. కుర్చీలకూ బల్లలకూ పనికొచ్చేదాన్ని చూపులకు తగిలించాలన్న బుద్ధి కోదండపాణికి తప్ప ఇంకొకరికి పుట్టదు.

"దృశ్యం గూడా వస్తువే గదప్పా ఓబులేసూ" అన్నాడు. "కంటితో తెచ్చుకుంటాండావు. ఈడ దొరికేది ఆడినుంచి తెచ్చుకుంటే రూలు ఒప్పుకోదు. ఏమేం చూస్తావో పట్టీ రాసియ్యి."

ఓబులేసు ఎనిమిది అంశాలతో పట్టీ రాసిచ్చాడు. కోదండపాణి ఎర్ర సిరా పెన్ను తీసి ఒక్కొక్కటే పరిశీలించాడు. కూలిన కోటలు: జిల్లాలో పాళెగాళ్ల కోటలు పదకొండు కూలి ఉన్నాయి, కొట్టివేయడమైనది. గొర్రెలు: పశుసంవర్ధక శాఖ లెక్క ప్రకారం జిల్లాలో మనుషులకన్నా గొర్రెలే ఎక్కువ, కొట్టివేయడమైనది. మట్టి లేకుండా పేర్చిన రాతి గోడలు, పొలాల్లో పాతిన నిలువు రాళ్లు: రాళ్ల సీమలో పుట్టి రాళ్లు చూడ్డానికి సముద్రాలు దాటుతావా అని నవ్వి, రెండూ ఒక్క గీతతో కొట్టేశాడు. తోలు తిత్తిలోకి గాలి ఊది వాయించే వాద్యం: మన తిత్తి వాయించేవాళ్లకు పింఛన్లు ఇస్తున్నాం. మోకాళ్ల దాకా గుడ్డ చుట్టుకున్న మగవాళ్లు: చేలల్లో అందరూ వాళ్లే. ఏడోది కాస్త ఇబ్బంది పెట్టింది. సముద్రంలోకి తెగిపడిన కొండచరియలు. కోదండపాణి పెన్ను కొరుకుతూ, రాష్ట్రానికి సముద్రం ఉంది, జిల్లాకు కొండలున్నాయి, రెండూ ఒకేచోట ఉండాలని రూలేమీ లేదు గదా అని అదీ కొట్టేశాడు.

ఎనిమిదోది వాన. అక్కడ పెన్ను ఆగింది.

ఓబులేసు గుండె తేలికపడింది. వాన ఇక్కడ దొరకదనే ధ్రువపత్రం ఇవ్వాల్సింది ఎవరు? జిల్లా వర్షమాపన కార్యాలయమే. ఆధారం ఏది? అతని రిజిస్టర్లే. ముప్పై ఒక్క ఏళ్ల సున్నాలకు ఒక ప్రయోజనం కలిగే రోజు వచ్చిందనుకున్నాడు. బీరువాలోంచి పుస్తకాలన్నీ దించి, దుమ్ము దులిపి, చంకలో ఇరికించుకుని ఉప సంచాలకుల గదిలోకి వెళ్లాడు. అతనంత ఆశగా ఆ గది గడప ఎప్పుడూ తొక్కలేదు.

ఉప సంచాలకులు త్రివిక్రమరావు కోస్తా నుంచి వచ్చినాయన. మాట్లాడితే ప్రభుత్వ ఉత్తర్వు చదువుతున్నట్టుంటుంది. రిజిస్టర్లను వేలితో కూడా ముట్టుకోలేదు. వాన దొరకదని ఈ కార్యాలయం ఎలా చెప్పగలదు, జిల్లాలో వర్షపాతం ఆరేళ్లుగా సాధారణం అన్నాడు.

ఓబులేసుకు అర్థం కాలేదు. తను వేసినవి సున్నాలు. అవి ఆ గుమ్మం దాటి పైకి వెళ్లేసరికి ఏమవుతున్నాయో అతనెప్పుడూ అడగలేదు, కార్యాలయంలో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు త్రివిక్రమరావు ఓపిగ్గా వివరించాడు. ఆరేళ్ల కిందట ఒక సభలో ఒక పెద్దమనిషి ఈ జిల్లాలో కరువు ఇక ఉండదని ప్రకటించాడు. ప్రకటన అయిపోయాక కరువు ఉంటే ప్రకటనకు అవమానం. అందుకని శాఖ వారు సవరణ గుణకం అని ఒకటి కనిపెట్టారు. నెత్తి మీదుగా పోయిన మబ్బులన్నిటినీ లెక్కగట్టి, అవి కురిసి ఉంటే ఎంత పడేదో అంత పడినట్టు రాస్తారు.

"పడవలసిన వాన పడకపోతే అది వాన క్రమశిక్షణకు సంబంధించిన విషయం, శాఖది కాదు" అన్నాడు త్రివిక్రమరావు. "చూడండి ఓబులేసు గారూ, వాన పడకపోవడం క్షేత్రస్థాయి పరిశీలన. వాన పడటం విధాన నిర్ణయం. క్షేత్రస్థాయి పరిశీలన విధాన నిర్ణయాన్ని ప్రశ్నించరాదు."

ఓబులేసుకు వరండా గుర్తొచ్చింది. ఏటా ఊళ్లనుంచి రైతులు వచ్చి, మా చేను మాడిపోతే వాన పడిందని ఎట్లా రాశారయ్యా, మాకు కరువు సాయం రాలేదు, పంటల బీమా రాలేదు అని ఇదే వరండాలో తలలు బాదుకునేవాళ్లు. నేను సున్నానే వేశాను నాయనా, నన్నడగొద్దు అని అతను ధైర్యంగా చెప్పేవాడు. వాళ్లు అతని మొహంలోకి చూసి, అబద్ధాలకోరు ముసలోడని గొణుక్కుంటూ పోయేవాళ్లు. ఎందుకలా పోయారో ఆరేళ్లకు తెలిసింది. రిజిస్టర్లు మళ్లీ చంకన పెట్టుకుని తలొంచుకుని బయటికి వచ్చాడు.

రూలు రూలే. రెండు రోజుల్లో అతనికి మెమో వచ్చింది. రికార్డుల ప్రకారం గడచిన ఆరేళ్లలో జిల్లా కేంద్రంలో నాలుగు వందల యాభై వాన రోజులు నమోదైనవి. ప్రతి వాన రోజునా ఉదయం ఎనిమిదిన్నరకు సదరు ఉద్యోగి వర్షమాపకం వద్ద హాజరై ఉన్నాడు. కావున సదరు ఉద్యోగి నాలుగు వందల యాభై సార్లు తడిసినట్లు భావించడమైనది. ఇన్నిసార్లు తడిసిన మీదట వాన చూడలేదని దరఖాస్తు పెట్టడం విధుల్లో కళ్లు మూసుకుని ఉండటం కిందికి గానీ, రికార్డును ధిక్కరించడం కిందికి గానీ వస్తుంది. ఈ రెండింటిలో ఏదో ఏడు రోజుల్లో తెలియజేయవలెను.

సుంకులమ్మ మెమో చదివించుకుని విన్నది. నాలుగు వందల సార్లు తడిసినోనికి ఒక్కసారైనా జలుబు చెయ్యలేదే అన్నది. అతనికి నవ్వు రాలేదు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, యాత్ర పోతే పోయింది, వీళ్ల దగ్గర ఇన్నాళ్లు పనిచేసినందుకే కడుపు రగులుతోందన్నాడు. ఆమె ఇంకో ముద్ద పెట్టి, తినమన్నది.

ఓబులేసు మెమోకు జవాబు రాశాడు. అమాయకుడు కాబట్టి మర్యాదగానే రాశాడు. "ఇక్కడి వాన కంటికి కనిపించే రకం కాదని మనవి. అక్కడిది కనిపించే రకమని కరపత్రంలో చదివాను. తేడా చూసుకోవడానికి అనుమతి ఇప్పించగలరు."

తేడా అన్న మాట దగ్గర త్రివిక్రమరావు కళ్లు మెరిశాయి. వానల్లో రకాలున్నాయా? ఉంటే ఏ రకం స్థానికంగా లభ్యం, ఏది అలభ్యం? ఇది ఒక గుమాస్తా తేల్చే విషయం కాదు. వెంటనే తులనాత్మక వర్ష పరిశీలనా సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు త్రివిక్రమరావు, కార్యదర్శి కోదండపాణి, సభ్యుడిగా రాజధాని నుంచి ఒక సంయుక్త సంచాలకులు. ఇక్కడి వానను ఎలాగూ చూడలేరు గనుక, అక్కడి వానను చూసి పోల్చాలని సంఘం మొదటి సమావేశంలోనే తీర్మానించింది. పదకొండు రోజులు. ఐర్లాండ్, స్కాట్లాండ్, వేల్స్.

తాంబూలాలిచ్చింది ఒకరికి, పీటల మీద కూర్చున్నది ఇంకొకరు అన్నట్టయింది. వాళ్లకు నిరభ్యంతర పత్రాలు మధ్యాహ్నానికల్లా అయిపోయాయి. ఒకరివి ఒకరు సంతకం చేసుకున్నారు.

ఆ దేశాల గురించి జిల్లా మొత్తంలో తెలిసినవాడు ఓబులేసు ఒక్కడే కాబట్టి, సంఘం పర్యటన పథకం అతనే రాయాలని హుకుం అయింది. అతను ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమే కాదు, తన సొంత యాత్రకన్నా శ్రద్ధగా రాశాడు. వీళ్లు ఆ వాన కిందికి వెళ్లి ఒక్క గంట నిలబడితే చాలు, తిరిగొచ్చి ఇలాంటిది మన దగ్గర లేదని తప్పకుండా రాస్తారు, అప్పుడు తన పత్రం తనకు వస్తుందని నమ్మాడు. ఐర్లాండ్‌లో పడమటి ఒడ్డు, స్కాట్లాండ్‌లో పడమటి దీవులు, వేల్స్‌లో కొండలు, ఎక్కడ ఎక్కువ కురుస్తుందో అక్కడే బస పెట్టాడు. చేతిలో పట్టే చిన్న వర్షమాపకం ఒకటి పట్టీలో చేర్చి, దాన్ని గాలికి ఒరగకుండా ఎలా నిలబెట్టాలో బొమ్మ గీసిచ్చాడు.

వానకోట్ల దగ్గర చిక్కొచ్చింది. కొనడానికి కోదండపాణి ఒప్పుకోలేదు. సాధారణ వర్షపాతం ఉన్న జిల్లాలో వానకోట్లు ఇదివరకే ఉండి తీరాలి, స్టాకు పుస్తకంలో ఆరేళ్లుగా ఉన్నాయి కూడా. ఉన్నవాటిని మళ్లీ కొంటే ఆడిట్ వాళ్లు ఊరుకోరు. పుస్తకంలో ఉన్న కోట్లు తొడుక్కోవడానికి పనికిరావు గనుక, ఓబులేసు ఇంట్లో ఉన్న రెండు కోట్లూ తాత్కాలికంగా ఇవ్వవలసిందని అడిగారు.

సుంకులమ్మ పెట్టెలోంచి కోట్లు తీసింది.

"వాళ్లు తడిసొస్తే నీకు సంతకం పెడ్తారా?" అని అడిగింది.

"పెడ్తారు."

"అట్లయితే కోట్లు లేకుండా పంపీ. బాగా తడుస్తారు."

అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె వాటిని చిన్న చదరాలుగా మడిచి, నాలుగు మూలలా బొటనవేలితో నొక్కి ఇచ్చింది. యాత్రల కంపెనీ యాత్ర బయలుదేరే తారీకుకు సరిగ్గా సంఘం బయలుదేరింది. ఓబులేసు పేరున ఉంచిన రెండు సీట్లను కంపెనీ వాళ్లు అడిగి అడిగి ఎవరికో ఇచ్చేశారు. ఆ పదకొండు రోజులూ అతను పొద్దున గరాటా తీసి వేపాకులు దులుపుతూ, ఇవాళ వాళ్లు పడమటి ఒడ్డున ఉంటారు, ఇవాళ దీవికి పడవెక్కుతారు అని లెక్కపెట్టుకున్నాడు. పరాయివాడి కంచంలో మెతుకులు లెక్కపెట్టడం తప్పని తెలుసు, కానీ మనసు ఆగలేదు.

సంఘం తిరిగొచ్చింది. కార్యాలయంలో అందరికీ చాక్లెట్లు పంచారు. ఫోటోలు చూపించారు. త్రివిక్రమరావు ఫలహారాల బల్ల దగ్గర, కోదండపాణి లిఫ్టు దగ్గర, సంయుక్త సంచాలకులు సోఫాలో, ముగ్గురూ కలిసి ఒక పెద్ద అంగడిలో. ఓబులేసు తన చాక్లెట్ జేబులో వేసుకుని, జనం తగ్గాక, ఆత్రం పట్టలేక అడిగాడు. వాన ఎలా ఉంది సార్?

"వాన సంగతి మాత్రం అడగకండి" అన్నాడు త్రివిక్రమరావు. "దిగింది మొదలు తెరిపి లేదు. కాలు బయట పెట్టనిస్తే గదా. పదకొండు రోజులూ హోటలు గదుల్లోనే సరిపోయింది."

ఓబులేసు ఇంకో అడుగు ముందుకేసి, అయితే చూశారు గదా సార్, వాన ఉన్నట్టే గదా అన్నాడు.

"కిటికీలోంచి చూసింది పరిశీలన కిందికి రాదు. నియమావళి ప్రకారం మాపకంలో కొలిచినదే వాన. మాపకం తీసుకెళ్లాం. పెట్టెలోంచి తీసి బయట పెడదామంటే వాన తెరిపివ్వలేదు."

కోదండపాణి వానకోట్లు తిరిగిచ్చాడు. సుంకులమ్మ మడిచిన మడత మడతగానే ఉన్నాయి.

నివేదిక నలభై పేజీలు. సారాంశం ఓబులేసు నిలబడే చదివాడు. సదరు దేశములలో ఎడతెరిపి లేని వర్షము కారణముగా వర్షమును పరిశీలించుట సాధ్యపడలేదు. కొలత లేనందున సదరు దేశములలో వర్షము కలదని నిర్ధారణ కాలేదు. కావున పదకొండు రోజులకు గాను నమోదైన వర్షపాతము సున్నా. ఇచ్చట వర్షము సాధారణము, అచ్చట వర్షము శూన్యము అయినందున, వర్షము చూచుటకై ఇచ్చటినుండి అచ్చటికి పోవు దరఖాస్తు తిరస్కరించడమైనది. అచ్చటివారే ఇచ్చటికి రాదలచిన పక్షమున పరిశీలించవచ్చును.

అక్కడితో అయిపోయి ఉంటే ఓబులేసు ఇంటికి పోయి పడుకునేవాడేమో. కానీ నివేదికకు ఒక్క లోపం ఉంది. శాఖ నియమావళి ప్రకారం ఏ కొలతైనా అధీకృత పరిశీలకుడు స్వహస్తంతో రిజిస్టరులో రాసి సంతకం చేస్తేనే చెల్లుతుంది. ఆ కార్యాలయానికి అధీకృత పరిశీలకుడు ఓబులేసు ఒక్కడే. కోదండపాణి కొత్త రిజిస్టరు తెచ్చి ఐర్లాండ్, స్కాట్లాండ్, వేల్స్ అని మూడు గళ్లు గీసి, ఒక్కోదానికి పదకొండు రోజుల చొప్పున ముప్పై మూడు సున్నాలు వేసి సంతకాలు పెట్టమన్నాడు. నీకు సున్నాలు అలవాటే గదప్పా అని బుజ్జగించాడు కూడా.

ఓబులేసు పెన్ను తీసుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నేను చూడకుండా సున్నా వెయ్యను సార్."

త్రివిక్రమరావుకు కోపం వచ్చింది. ఆరేళ్లుగా మీరు చూడని వాన వందల మిల్లీమీటర్లు ఈ కార్యాలయం నుంచి పోతూనే ఉంది, అప్పుడు లేని పట్టింపు ఇప్పుడెందుకని గద్దించాడు.

"ఆ అంకెలు మీవి సార్" అన్నాడు ఓబులేసు. "సున్నాలు నావి. ముప్పై ఒక్క ఏండ్లు ఒక్కొక్కటీ చూసి వేసినా. నా పేరుమీద ఉండేది అవి తప్ప ఏం లేదు. దొంగ అంకెలు మీరు వేసినందుకు గాదు, నేను అడగనందుకు నాకు పాపం చుట్టుకుంది. ఇప్పుడు దొంగ సున్నా గూడా వేయమంటాండారు. వెయ్యను."

ఆ గదిలో ఎవరూ అంత పెద్ద మాట ఎప్పుడూ వినలేదు. కోదండపాణి ఆ మాటలో ఏ రూలు ఉల్లంఘన జరిగిందా అని ఆలోచిస్తుండగానే, ఓబులేసు ఒక తెల్లకాగితం లాక్కుని స్వచ్ఛంద పదవీ విరమణకు దరఖాస్తు రాసేశాడు. రిటైరైనవాడు ఎక్కడికి పోయినా ఎవరి అభ్యంతరమూ ఉండదు. మూడు నెలల నోటీసు గడువు కూడా వాళ్లు అడ్డం పెట్టలేదు. చూసి రాసే మనిషి కార్యాలయంలో ఉండటం ఎంత ప్రమాదమో త్రివిక్రమరావుకు ఆ రోజే తెలిసొచ్చింది. దరఖాస్తు పావుగంటలో ఆమోదం పొందింది. ఆ కార్యాలయం చరిత్రలో అంత వేగంగా కదిలిన కాగితం ఇంకొకటి లేదు.

యాత్రల కాలం అయిపోకముందే కంపెనీ వాళ్లు ఇంకొక యాత్ర వేశారు. ఐర్లాండ్ పడమటి ఒడ్డున, ఒక రాతి గోడ పక్కన బస్సు ఆగింది. వాన కురుస్తోంది. వానగా ఉంది, ఎవరూ దిగనక్కర్లేదు, కిటికీల్లోంచి ఫోటోలు తీసుకోండని గైడు చెప్పాడు. అందరూ కూర్చున్నారు. ఓబులేసు, సుంకులమ్మ మాత్రం దిగారు. మోకాలు నొప్పికి ఆమె అతని భుజం పట్టుకుంది. పొద్దుటినుంచి కురుస్తున్న వాన అది, మధ్యాహ్నమైనా అదే ధాటి. గోడ మీద, గడ్డి మీద, గొర్రెల వీపుల మీద, ఎవరూ అడగకుండానే పడుతోంది. ఓబులేసు కోటు టోపీ వెనక్కి తీసేసి మొహం పైకెత్తాడు. అతనికి చెప్పలేనంత సంతోషం కలిగింది. ఎంత పడుతోందో కొలవాలని కూడా తోచలేదు.

సుంకులమ్మ పైకి చూడలేదు. గోడ పక్కన వాగులా పారి, బండల అంచు దాటి సముద్రంలోకి దూకుతున్న నీళ్ల వైపు చూస్తోంది. చాలాసేపు అట్లాగే చూసింది.

"ఇన్ని నీళ్లు ఎవురికీ అక్కర్లేకుండా పోతాండాయే" అన్నది. "మన కాడ ఒక్క తడి దొరికింటే ఎంతమంది ఊరొదిలి పోకుండా ఉందురో."

ఓబులేసు ఆమె చేయి పట్టుకుని వానలో నిలబడ్డాడు.

ఆ రోజు ఉదయం ఎనిమిదిన్నరకు వాళ్ల జిల్లా కేంద్రంలో పద్నాలుగు మిల్లీమీటర్ల వాన నమోదైంది. ఓబులేసు స్థానంలో వచ్చిన కొత్త పరిశీలకుడు మంచి పనిమంతుడని పేరు తెచ్చుకున్నాడు. పెరట్లోకి వెళ్లకుండానే రాస్తాడు.